ఒడ్డున పోసిన ఊపిరి

ఈ మధ్యే మెట్ల మధ్యలో ఆగకుండా మా అంతస్తు వరకు ఎక్కగలుగుతున్నాను. దగ్గు వచ్చినప్పుడు చెయ్యి దానంతట అది రొమ్ము మీదికి పోవడం తగ్గింది. ఇక రాయవచ్చు అనిపించింది.

నేను నర్సుని. మాది కాకినాడ దగ్గర. సౌదీలో అల్ ఖోబర్ అనే ఊళ్ళో ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను. షిఫ్టు మారేటప్పుడు అవతలివాళ్ళ జబ్బుల గురించి రాసి రాసి చెయ్యి అరిగిపోయింది గానీ, నాకు జరిగినదాని గురించి రాయడం ఇదే మొదలు. చిక్కేమిటంటే, అందులో అసలు ముఖ్యమైన భాగం నాకు గుర్తు లేదు. చూసినవాళ్ళు తలా ఒక ముక్క చెప్పగా విని అతుకు వేసుకున్నదే.

కుటుంబాల మీద లెవీ మొదలైన రెండో ఏడాది అది. ఇకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే పర్మిట్టు, రెన్యూ చేయించుకోవాలంటే భార్యకీ పిల్లలకీ తలకింత కట్టాలి. మరోపక్క నితాఖత్, ప్రతి కంపెనీలోనూ ఇంతమంది సౌదీవాళ్ళుండాలనే రూలు. మా ఆయన ప్రభాకర్ ఒక చిన్న కంట్రాక్టు కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. సౌదీవాళ్ళు చాలినంతమంది లేరని ఆ కంపెనీ సర్కారు లెక్కలో ఎరుపు రంగు జాబితాలో పడింది. ఎరుపులో పడితే అక్కడ ఎవరి ఇకామా కూడా రెన్యూ కాదు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఫోనెత్తడు. ఆఫీసులో రోజుకొకరు ఎగ్జిట్ వేయించుకుని వెళ్ళిపోతామంటున్నారు. ఆ ఏడాది మేం వెళ్ళిన విందులన్నీ వీడ్కోలు విందులే.

మార్చి చివర ఒక శుక్రవారం ప్రభాకర్ ఆఫీసులో అకౌంటెంటు కుటుంబం వెళ్ళిపోతోందని అందరం కలిసి బీచ్‌కి వెళ్ళాం. మా తోడికోడలు ఎస్తేరక్క కూడా వచ్చింది. ఆవిడ మా బావగారి భార్య. మా బిల్డింగులోనే కింద ఫ్లాటు. బావగారు ఖఫ్జీలో ఆయిల్ ఫీల్డులో పని చేస్తూ వారాంతాల్లో వచ్చి పోతుంటారు. అక్క ఇక్కడ ఒక ఇండియన్ స్కూల్లో టీచరు. మనిషి మంచిదే గానీ మాట మొరటు. వాళ్ళ కుటుంబం కూడా ఎండాకాలంలో వెళ్ళిపోవాలని అప్పటికే తేలిపోయింది. అది తేలిన రోజున అందరి ముందూ నాతో, “నీకేంటే, నర్సు ఉద్యోగం. నిన్నెవరు పొమ్మంటారు” అంది. అప్పటినుంచి మా మధ్య మాటలు తగ్గాయి. బీచ్‌లో కూడా ఆవిడ చాప ఆ చివర, నా చాప ఈ చివర.

గాలి ఒడ్డు మీంచి నీళ్ళలోకి వీస్తోంది. అలలు లేవు. అలలు లేని నీళ్ళకి భయపడాలని ఎవరికీ తోచదు. మా అమ్మాయి నిస్సీ నడుముకి ట్యూబు వేసుకుని మోకాలి లోతులో ఆడుకుంటోంది. నేను ప్లేట్లు సర్దుతూ తలెత్తేసరికి కాస్త దూరంగా కనిపించింది. మళ్ళీ చూసేసరికి ఇంకాస్త దూరం. కాళ్ళు నేలకి అందడం లేదు. అదేదో ఆట అనుకుని నవ్వుతోంది.

ప్రభాకర్‌ని కేకేసి, ఒంటి మీది పొడవాటి అబాయాతోనే నీళ్ళలోకి నడిచాను. నడుము లోతు దాకా నేల గట్టిగానే ఉంది. ఆ తర్వాతి అడుగుకి నేల లేదు. తడిసిన అబాయా కాళ్ళకి చుట్టుకుంది. నాకు ఈత రాదు. సముద్రం పక్కనే పుట్టాను గానీ మా ఇళ్ళల్లో ఆడపిల్లలకి ఈత ఎవరు నేర్పుతారు? ప్రభాకర్ ఈదుకుంటూ రావడం కనిపించింది. “పాపని, పాపని” అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. నాకు గుర్తున్నది అంతవరకే.

ప్రభాకర్ ముందు పాపని ఒడ్డుకి చేర్చాడు. వెనక్కి తిరిగి చూస్తే నేను లేను. అతనూ, కంపెనీ డ్రైవరు ఖాదర్ బాషా కలిసి వెతికి నన్ను బయటికి లాక్కొచ్చారట. ఖాదర్ కడప జిల్లా మనిషి, మంచి ఈతగాడు. ఇసకలో పడుకోబెట్టారు. నాకు ఊపిరి లేదు. పెదాలు నల్లబడ్డాయి.

ఆ ఒడ్డున ఇంజనీర్లున్నారు, అకౌంటెంట్లున్నారు, పెద్ద చదువుల వాళ్ళున్నారు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో తెలిసిన మనిషిని నేనొక్కదాన్ని. నేను ఇసకలో పడి ఉన్నాను. తలకిందులుగా పట్టుకోమని ఒకరు, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించమని ఒకరు, అరికాళ్ళు రుద్దమని ఒకరు. మగవాళ్ళు చాలామంది దూరం జరిగారు. పరాయి ఆడమనిషి, అందులోనూ ఈ దేశంలో, బహిరంగంగా. ఖాదర్ కూడా నన్ను దించి మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడట. ప్రభాకర్ నా తల దగ్గర కూర్చుని “సునీతా, సునీతా” అని చెంపల మీద తడుతూ ఉన్నాడు. అంతకు మించి అతని చేతులు కదల్లేదు.

అప్పుడు ఎస్తేరక్క ఆ చివరి నుంచి పరిగెత్తుకొచ్చింది.

“జరగండయ్యా! గాలి ఆడనివ్వండి. ఖాదరూ, అంబులెన్సుకి ఫోన్ చేసి రోడ్డు మీదికెళ్ళి నిలబడు, దారి చూపించు. ప్రభా, ఎవర్నీ ఆ పొట్ట నొక్కనివ్వకు!”

అంతకు ముందు ఏడాది వాళ్ళ స్కూల్లో ఈత క్లాసులు మొదలుపెడుతూ టీచర్లందరికీ సీపీఆర్ శిక్షణ తప్పనిసరి చేశారు. అక్కకి మోకాళ్ళ నొప్పులు. శిక్షణకి తెచ్చిన రబ్బరు బొమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చోలేక, ఇంటికొచ్చి రెండు రోజులు తిట్టిపోసింది. ఆ బొమ్మకి చేసినట్టే నాకూ చేసింది. తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు ఊపిరి ఊదింది. నీళ్ళలో మునిగినవాళ్ళకి ముందు కావలసింది గాలి. ఆ మాట వాళ్ళ ట్రైనర్ గట్టిగా చెప్పాడట, అది ఆవిడకి గుర్తుండిపోయింది. తర్వాత అబాయా గుండీలు తెంపి, రొమ్ము మధ్యలో చెయ్యి మీద చెయ్యి వేసి నొక్కడం మొదలుపెట్టింది. ముప్పై సార్లు నొక్కడం, రెండు సార్లు ఊదడం. మళ్ళీ అదే. నా నోట్లోంచి నురగ, తిన్న బిర్యానీ, ఉప్పునీళ్ళు వచ్చాయి. తల పక్కకి తిప్పి వేలితో తుడిచి మళ్ళీ ఊదిందట. ఆ సంగతి అక్క నాకు ఎప్పుడూ చెప్పలేదు. అక్కడున్న ఆడవాళ్ళు చెప్పారు.

మధ్యలో ఆవిడ చేతులు పడిపోయాయి. “ప్రభా, నువ్వు రా, నేను చెప్తాను, నువ్వు నొక్కు” అంది. ప్రభాకర్ చేతులు చాపాడు. నా మీద ఆన్చలేకపోయాడు. అక్క మళ్ళీ తనే మొదలుపెట్టింది. ఎంతసేపన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. నేను దగ్గాను. అంబులెన్సు వచ్చేసరికి దానంతట అది ఊపిరి ఆడుతోంది. మంచి ఊపిరి కాదు, కానీ ఊపిరే.

ఐసీయూలో మొదటి రోజులు నాకు లేవు. మత్తులో ఉంచి, గొంతులో గొట్టం వేసి, మెషిన్ మీద పెట్టారు. నేను పని చేసే ఆసుపత్రి కాదు, దగ్గర్లో ఉన్నదని తీసుకెళ్ళింది. ఆ రోజులన్నీ బయట కూర్చున్నవాళ్ళవి.

అక్కడ వెయిటింగ్ హాలు మగవాళ్ళకి వేరు, ఆడవాళ్ళకి వేరు. ప్రభాకర్ ఒక గోడకి అవతల, ఎస్తేరక్క ఇవతల. ఒకరి మొహం ఒకరు చూసుకోవాలన్నా నడవాలోకి రావాలి. అక్క నా ఒంటి నీళ్ళకి తడిసిన అబాయాతోనే కూర్చుంది. అది వంటి మీదే ఆరి, ఉప్పు చారలు కట్టింది. పక్క కుర్చీలో ఒక సౌదీ పెద్దావిడ, ఆవిడ కొడుకు కారు యాక్సిడెంటులో లోపల ఉన్నాడు. ఆవిడకి తెలుగు రాదు, మా అక్కకి అరబ్బీ అంతంతమాత్రం. అయినా ఆ ముసలావిడ కూతురి చేత ఇంటినుంచి పొడి అబాయా తెప్పించి ఇచ్చింది. ఫ్లాస్కులోంచి గహ్వా కాఫీ పోసి, ఖర్జూరాలు చేతిలో పెట్టి, తినేదాకా చెయ్యి వదల్లేదట. కొన్నాళ్ళకి ఆవిడ కొడుకు పోయాడు. ఏడుస్తూ వెళ్తూ కూడా నా గది వైపు చెయ్యెత్తి ఏదో దువా చేసిందని అక్క చెప్పింది. ఆవిడ పేరు కూడా మాకు తెలియదు.

ఏప్రిల్లో వార్డులోకి మార్చారు. మెలకువ వచ్చాక నాకు మొదట తెలిసింది నొప్పి. పక్కటెముకలు విరిగాయి. నవ్వినా, తుమ్మినా, పక్కకి తిరిగినా కత్తి పెట్టి తిప్పినట్టు. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళతో పాటు ఇసక, తిండి పోవడం వల్ల న్యుమోనియా పట్టింది. జ్వరం వచ్చేది, తగ్గేది, వచ్చేది. గొంతు బొంగురుపోయి నా మాట నాకే కొత్తగా ఉండేది. గిన్నెలో నీళ్ళు తెచ్చి మొహం తుడవబోతే బిగుసుకుపోయేదాన్ని. ఫిలిప్పీన్స్ నర్సమ్మాయి ఒకామె అది గమనించి, తడి గుడ్డ ముందు నా చేతికిచ్చి, “మీరే తుడుచుకోండి, నేను పక్కనే ఉంటాను” అనేది. ఇన్నేళ్ళుగా ఎంతోమంది మొహాలు తుడిచిన నాకు ఎప్పుడూ తట్టని ఆలోచన.

ప్రభాకర్ రోజూ వచ్చేవాడు. మంచం పక్కన కూర్చుని సెలైన్ సీసా వైపు చూసేవాడు, నా వైపు చూసేవాడు కాదు. మొదట్లో భయం అనుకున్నాను. ఒకరోజు నేనే అడిగాను.

“ఏమైందండీ మీకు? బతికే ఉన్నాను కదా.”

“నాకు చేతులు రాలేదు, సునీతా” అన్నాడు. “వదిన పిలిచింది. నేను నీ పక్కనే ఉన్నాను. నొక్కితే ఏమవుతావో అని… నాకు చేతులు రాలేదు.”

“మీరు పాపని తెచ్చారు. నన్ను బయటికి తెచ్చారు.”

“బయటికి తెచ్చి?” అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు ఎవరినీ ఓదార్చే ఓపిక లేదు. కళ్ళు మూసుకున్నాను.

మే నెలకి ఇంటికొచ్చాను. ఆసుపత్రిలో ఉన్నంతకాలం ఇల్లే మందు అనుకుంటాం. ఇంటికొచ్చాక తెలుస్తుంది అలసట అంటే ఏమిటో. నిస్సీకి జడ వెయ్యడానికి కూర్చుంటే సగంలో చేతులు దిగిపోయేవి. ఉల్లిపాయ కోస్తూ మరిచిపోయి నిలబడేదాన్ని. తెలిసిన మందుల పేర్లు నాలుక చివరికి వచ్చి ఆగిపోయేవి. సిక్ లీవు పెరిగేకొద్దీ ఇంకో భయం. మా వార్డులో కొత్తగా సౌదీ అమ్మాయిలు చేరుతున్నారు, కాంట్రాక్టులు ఒక్కొక్కటీ ఆగిపోతున్నాయి. ప్రభాకర్ ఇకామా గడువు దాటిపోయింది. నా ఉద్యోగం కూడా పోతే అందరం ఒకేసారి పెట్టెలు సర్దుకోవాలి. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు, ఇద్దరం దాని గురించి మాట్లాడలేదు. నిస్సీ మాత్రం స్నానానికి పిలిస్తే బాత్రూం తలుపు పట్టుకుని “అమ్మ బయటే ఉండాలి, అమ్మ రాకూడదు” అని ఏడ్చేది. నన్ను నీళ్ళ దగ్గరికి రానివ్వదు.

శుక్రవారాల్లో మా ఇంట్లో కూర్చుని ప్రార్థన చేసుకునే నాలుగైదు కుటుంబాలు చూడ్డానికి వచ్చాయి. వచ్చినవాళ్ళంతా “దేవుడే బతికించాడమ్మా” అన్నారు. నేను తలూపాను. ఎస్తేరక్క మూల కుర్చీలో కూర్చుని ఉంది.

“దేవుడే” అంది. “నా మోకాళ్ళు కూడా వాడుకున్నాడు. ఇప్పటికీ వంగట్లేదు.”

ఆ రోజు నవ్వాను. పక్కటెముకలు పట్టుకుని, కళ్ళనీళ్ళతో నవ్వాను. అందరూ వెళ్ళాక ఆవిడ చెయ్యి పట్టుకోబోతే లాక్కుంది.

“ఇలాంటివన్నీ నాకు పడవు. నీ ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినపడిందే, సునీతా. చంపేస్తున్నానేమో అనుకున్నాను. అయినా ఆపొద్దని వాడు చెప్పాడు కదా, ఆ ట్రైనింగువాడు. అందుకని ఆపలేదు. అంతే. నువ్వు నాకు దండం పెడితే ఆ చప్పుడే గుర్తొస్తుంది.”

“సరే అక్కా, పెట్టను” అన్నాను.

అప్పటినుంచి సాయంత్రాలు పైకొచ్చి కూర్చునేది. ఆవిడ పేపర్లు దిద్దుకునేది, నేను పడుకునేదాన్ని.

రంజాన్ మధ్యలో డ్యూటీలో చేరాను. చేరిన వారంలోనే మా వార్డులో ఒక పెద్దాయన గుండె ఆగింది. పరిగెత్తాను, నా వంతు రాగానే నొక్కాను. చేతుల కింద ఎముక కదిలింది. ఆ కదలిక నా రొమ్ములో తెలిసింది. అయినా చేశాను. మందులున్నాయి, మెషిన్లున్నాయి, డాక్టర్లున్నారు. ఆయన బతకలేదు. స్టోర్ రూములో అట్టపెట్టెల మీద కూర్చుని చాలాసేపు లేవలేకపోయాను. ఏమీ లేని ఇసకలో, స్కూల్లో ఒక పూట నేర్చుకున్నదానితో నన్ను ఒకావిడ వెనక్కి లాగింది. అన్నీ ఉన్నచోట ఆయన పోయాడు. ఇందులో న్యాయం ఏమిటో నాకు తెలియదు. చెయ్యకపోతే మాత్రం ఇద్దరం పోయేవాళ్ళమే, అదొక్కటే తెలుసు.

ఆ రోజు ఇంటికొచ్చి అక్కతో అన్నాను. “నువ్వు వెళ్ళేలోపు మనవాళ్ళకి ఒకసారి నేర్పుదాం. నేను మాట్లాడతాను, నాకింకా నేల మీద కూర్చుని, ఒంగి మళ్ళీ మళ్ళీ నొక్కి చూపించే బలం లేదు. నువ్వు చేసి చూపించు.”

“నా మోకాళ్ళు?”

“దిండు వేస్తాను.”

రంజాన్ పండగ అయ్యాక ఒక శుక్రవారం మధ్యాహ్నం మా హాల్లో సోఫాలు గోడకి జరిపాం. బీచ్‌కి వచ్చినవాళ్ళలో ఇంకా ఇక్కడ మిగిలినవాళ్ళు, బిల్డింగులోని మరికొందరు వచ్చారు. రబ్బరు బొమ్మ దొరకలేదు. గట్టి బాలీసుకి ప్రభాకర్ పాత చొక్కా తొడిగాం. నేను కుర్చీలో కూర్చుని చెప్పాను. పిల్లల్ని ట్యూబులు నమ్మి నీళ్ళలో వదలొద్దు, చేతికందే దూరంలో ఉండండి. ఎవరైనా మునుగుతుంటే నాలాగా నడిచి వెళ్ళిపోవద్దు, చున్నీయో, కర్రో, తేలే కూలర్ డబ్బాయో అందించండి. బయటికి తెచ్చాక పొట్ట నొక్కొద్దు, తలకిందులు చెయ్యొద్దు. అంబులెన్సుకి చెప్పండి, ఊపిరి చూడండి, లేకపోతే ముందు గాలి ఊదండి, తర్వాత నొక్కండి. అప్పుడు కూడా అందరూ బతకరు. ఇది కూడా చెప్పాను. దాచి లాభం లేదు.

ఖాదర్ తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

“అక్కా, ఒక మాట అడగల్ల. తప్పనుకోవద్దు. ఆడోళ్ళయితే… మేం ముట్టుకోవచ్చునా? ఆ పొద్దు బీచ్ కాడ నేను అందుకే పక్కకి పోయినా. ఎవరన్నా ఏమన్నా అంటారేమోనని.”

మగవాళ్ళంతా నేల చూస్తున్నారు. ఇది అందరి మనసులోనూ ఉన్న ప్రశ్నే.

“ముట్టుకో, ఖాదర్” అన్నాను. “నేనే ఆ ఆడమనిషిని కదా, నేను చెప్తున్నాను. నా బట్టలు చిరిగాయని నేనెప్పుడూ బాధపడలేదు. నీళ్ళలోంచి నన్ను తెచ్చింది నువ్వు. తర్వాతది కూడా చెయ్యవచ్చు.”

అతను కళ్ళు తుడుచుకుని వచ్చి బాలీసు పక్కన కూర్చున్నాడు. ఎస్తేరక్క అతని చేతుల్ని సరైన చోట పెట్టింది. తర్వాత ఒక్కొక్కరూ. ఆడవాళ్ళు మొదట సిగ్గుపడి నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. చూడ్డానికి తేలిక, చేస్తే ఒళ్ళు హూనమవుతుంది.

ప్రభాకర్ అంతసేపూ వంటింట్లో టీ పెడుతూ ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. అందరూ చేశాక కప్పులు తెచ్చి ఇచ్చి, చేతులు తుడుచుకుని, తనే వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తన చొక్కా మీదే చెయ్యి మీద చెయ్యి పెట్టాడు.

“మోచేతులు వంచకు, ప్రభా” అంది అక్క మెల్లగా. “నీ బరువంతా వెయ్యి. అదీ.”

నొక్కడం మొదలుపెట్టాడు. అక్క లెక్కపెడుతోంది. చెమట పట్టి జుట్టు నుదుటికి అంటుకుంది. టీలు అయిపోయాయి. నిస్సీ వచ్చి వాళ్ళ నాన్న పక్కన గొంతుక్కూర్చుని చూస్తోంది.

“ఎంతసేపు చెయ్యాలి, వదినా?” అని అడిగాడు, తలెత్తకుండా.

“ఎవరైనా వచ్చేదాకా” అంది అక్క.

అతను ఆపలేదు. ఆవిడ లెక్కపెడుతూనే ఉంది.